ఆష్విట్జ్ నుంచి బతికొచ్చిన మనిషి పుస్తకం చదివితే ఏడుపు రాలేదు. ఇది లోపమా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు చెబుతాను. పోలండ్‌లోని నాజీ మరణ శిబిరం ఆష్విట్జ్ నుంచి బతికొచ్చిన ఇటాలియన్ యూదుడు ప్రీమో లెవీ జ్ఞాపకాల పుస్తకాన్ని మీరు ఇంగ్లీషులో చదివారు. అదే పుస్తకం చదివిన మీ మిత్రులు ముగ్గురు రాత్రంతా ఏడ్చామని చెప్పారు. మీకు కన్నీళ్లు రాలేదు, కొన్నిచోట్ల విసుగు కూడా వచ్చింది. కవిత్వం గురించి ఉన్న ఒక అధ్యాయం దాటేశారు. "నాలో ఏదైనా లోపం ఉందా? ఇలాంటి పుస్తకానికి పాఠకులు మామూలుగా ఎలా స్పందిస్తారు?" అని అడిగారు.

లోపం లేదు. ఆ పుస్తకం మిమ్మల్ని ఏడిపించడానికి రాసింది కాదు, ఆ మాట రచయితే చెప్పారు. పాఠకుల్లో నేను చూసిన అసలు ఇబ్బంది ఏడవకపోవడం కాదు, తొందర. కొందరు ఏడ్చి తొందరగా బయటపడతారు, కొందరు నీతి తీసి, కొందరు "మా ఊళ్లోనూ ఇలాగే జరిగింది" అని, ఇంకొందరు "నేనైతే పారిపోయేవాణ్ని" అని. దారులు వేరు, పని ఒకటే: పుస్తకాన్ని మూసేయడం. విసుగు వచ్చిందని ఒప్పుకున్న మీరు కనీసం ఇంకా లోపలే ఉన్నారు. అధ్యాయం దాటేయడం గురించి మాత్రం మీతో కాస్త గొడవ పెట్టుకుంటాను, చివర్లో.

నేను చరిత్రకారుణ్ని కాను. డిగ్రీ కాలేజీలో ఇరవై ఆరేళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పాను. ఈ పుస్తకం సిలబస్‌లో లేకపోయినా, సిలబస్ తొందరగా పూర్తయిన సంవత్సరాల్లో చివరి రెండు వారాలు దీనికే ఇచ్చేవాణ్ని. రిటైరయ్యాక హైదరాబాద్‌లో నెలకొకసారి పది పన్నెండు మందిమి కూర్చుని చదువుకుంటున్నాం. అక్కడ కూడా దీన్ని రెండుసార్లు చదివాం. కాబట్టి నాకు తెలిసింది ఆష్విట్జ్ గురించి తక్కువ, ఆష్విట్జ్ గురించి చదివినవాళ్ల గురించి కొంచెం ఎక్కువ.

కన్నీళ్ల సంగతి. లెవీ టురిన్ నగరానికి చెందిన రసాయన శాస్త్రవేత్త. 1943 డిసెంబరులో పట్టుబడ్డారు, అప్పటికి వయసు ఇరవై నాలుగు. 1944 ఫిబ్రవరి 22న ఇటలీలోని ఫోసోలి అనే శిబిరం నుంచి 650 మందిని సరుకుల రైలు పెట్టెల్లో ఆష్విట్జ్‌కు తరలించారు. తన పెట్టెలో ఎక్కిన 45 మందిలో తిరిగి ఇల్లు చూసినవాళ్లు నలుగురేనని రాసి, ఆ వాక్యం చివరే అన్ని పెట్టెల్లోకీ అదే అదృష్టవంతమైనదని కలిపారు. ఆశ్చర్యార్థకం లేదు, "అయ్యో" లేదు. ఆ వాక్యాన్ని క్లాసులో చదివినప్పుడు సగం మంది గమనించకుండానే దాటిపోయేవారు. మళ్లీ చదవమంటే అప్పుడు ఆగేవారు.

అలా రాయడం కావాలని చేసిన పని. చాలా ఏళ్ల తర్వాత, 1976లో, బడి పిల్లల కోసం వచ్చిన ఇటాలియన్ ముద్రణకు ఆయన ఒక అనుబంధం జోడించారు. పాఠకులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులు అవి. పుస్తకంలో జర్మన్ల మీద ద్వేషం ఎందుకు కనబడదు అన్న ప్రశ్నకు జవాబిస్తూ, బాధితుడి రోదన గొంతునూ పగ కోరేవాడి గొంతునూ పక్కన పెట్టి సాక్షి మాట్లాడే నిమ్మళమైన భాషను ఎంచుకున్నానన్నారు. సాక్షి పని న్యాయమూర్తికి దారి సిద్ధం చేయడం, ఆ న్యాయమూర్తులు మీరే అని పాఠకులతో అన్నారు. కోర్టులో కూర్చున్నవాళ్లు ఏడవకూడదని నియమమేమీ లేదు. కానీ సాక్షి చెప్పేది పూర్తిగా వినకముందే ఏడుపు మొదలైతే మిగతా సాక్ష్యం చెవిన పడదు.

నేను కన్నీళ్లను తక్కువ చేయడం లేదు. మా బృందంలో ప్రతిసారీ గది నిశ్శబ్దమయ్యే చోటు ఒకటుంది. ఫోసోలిలో ప్రయాణానికి ముందు రాత్రి. ఆ ప్రయాణమంటే ఏమిటో దాదాపు అందరికీ తెలుసు. తల్లులు దారికి తిండి వండుతారు, పిల్లలకు స్నానాలు చేయిస్తారు, మూటలు కడతారు. తెల్లారేసరికి ముళ్లకంచె నిండా పిల్లల బట్టలు ఆరేసి ఉంటాయి. పొత్తిగుడ్డలూ బొమ్మలూ దిండ్లూ ఏవీ మరిచిపోరు. మొదటిసారి చదివినప్పుడు మా బృందంలో ఒక అమ్మమ్మగారు, ఆరుగురు మనవల్ని పెంచిన మనిషి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఆ బట్టలు ఆరాయా?" అని అడిగారు. ఎవరూ మాట్లాడలేదు. ఆవిడ కళ్లలో నీళ్లున్నాయి, కానీ ఆవిడ అడిగింది ప్రశ్న. ఆ ఫిబ్రవరి తెల్లవారుజామున తడి బట్టలు ఆరతాయో లేదో అని ఆవిడ నిజంగానే ఆలోచిస్తున్నారు. ఏడుపు అంటే అదైతే నాకు ఏ అభ్యంతరమూ లేదు.

కన్నీళ్లకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అవి నిజమేదో అబద్ధమేదో చెప్పలేవు. 1995లో బెంజమిన్ విల్కొమిర్‌స్కీ అనే పేరుతో ఒక జ్ఞాపకాల పుస్తకం జర్మన్ భాషలో వచ్చింది. పసివయసులో నాజీ శిబిరాల్లో గడిపిన ముక్కలు ముక్కల జ్ఞాపకాలు. ఎన్నో భాషల్లోకి వెళ్లింది, బహుమతులు వచ్చాయి, చదివినవాళ్లు విపరీతంగా కదిలిపోయారు. 1998లో స్విట్జర్లాండ్ పాత్రికేయుడు డానియెల్ గాంజ్‌ఫ్రీడ్ తవ్వి చూస్తే, రాసిన వ్యక్తి స్విట్జర్లాండ్‌లో పుట్టి పెరిగినవాడని, శిబిరాల్లో ఎన్నడూ లేడని తేలింది. మరుసటి సంవత్సరం ప్రచురణకర్తలు పుస్తకాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ పుస్తకం నిండా రక్తం, ఎలుకలు, చితికిన పసి తలలు. లెవీ పుస్తకం నిండా చెంచా, బూటు, రొట్టె ముక్క. ఏ పుస్తకానికి ఎక్కువ ఏడ్చామన్నది కొలతగా పెట్టుకుంటే ఎవరు గెలిచేవారో మీరే ఊహించండి.

ఇక తొందర గురించి. ముందు ఒక చిన్న పక్కదారి, ఇది మీ విసుగుకు కొంత కారణం కావచ్చు.

మీరు చదివిన ప్రతి మీద పేరు 'సర్వైవల్ ఇన్ ఆష్విట్జ్' అని ఉందన్నారు. అది అమెరికాలో పేపర్‌బ్యాక్ కోసం మార్చిన పేరు. ఇటాలియన్ పేరుకు అర్థం దాదాపుగా "ఇతడు మనిషే అయితే". అదొక ప్రశ్న, అదీ సగంలో ఆగిపోయిన ప్రశ్న. అమెరికన్ పేరు జవాబు: బతికి బయటపడటం. ఆ పేరు చూసి కొన్నవాళ్లు బతకడం ఎలాగో చెబుతాడనుకుంటారు, ఒక సాహసగాథ కోసం ఎదురుచూస్తారు. లోపల చూస్తే ఒక రసాయన శాస్త్రవేత్త సూప్ గిన్నె అడుగున కూర చిక్కగా ఉంటుందని, కాబట్టి వరుసలో ఎక్కడ నిలబడాలో లెక్క వేయాలని, శాంతంగా వివరిస్తుంటాడు. సాహసం కోసం వచ్చినవాడికి విసుగు రాక ఏమొస్తుంది? నేను పాఠం మొదలుపెట్టేముందు చాలా ఏళ్లు పేరు కథ చెప్పేవాణ్ని. చెప్పిన ఏడాదీ చెప్పని ఏడాదీ విద్యార్థులు వేరే పుస్తకం చదివినట్టే ఉండేది.

"ఎలా స్పందిస్తారు" అన్న ప్రశ్నకు ఈ పుస్తకం చరిత్రే మంచి జవాబు. మొదటి స్పందన మౌనం. 1947లో పెద్ద ప్రచురణ సంస్థ వద్దంటే, టురిన్‌లోని చిన్న ప్రచురణకర్త 2,500 ప్రతులు వేశారు. విమర్శకులు మెచ్చుకున్నారు, జనం పెద్దగా కొనలేదు. మిగిలిన 600 ప్రతులు ఫ్లోరెన్స్‌లో ఒక గోదాములో పడి ఉండి, 1966 వరదలో మునిగిపోయాయి. ముందు కాదన్న పెద్ద సంస్థే 1958లో మళ్లీ వేశాక గానీ పుస్తకం కదలలేదు. యుద్ధం ముగిసిన వెంటనే ఇటలీలో ఎవరి ఇంట్లో వాళ్ల చావులు వాళ్లకున్నాయి. వినే ఓపిక లేదు.

ఇక్కడ నన్ను ఎప్పుడూ ఆపేసే విషయం ఒకటుంది. ఇలా జరుగుతుందని పుస్తకంలో ముందే ఉంది. శిబిరంలో ఆయనకు ఒక కల పదే పదే వచ్చేది. ఇంటికి తిరిగొచ్చాడు, చెల్లెలు ఉంది, మిత్రులు ఉన్నారు, అందరికీ జరిగింది చెబుతున్నాడు. ఆకలి గురించి, పేల తనిఖీ గురించి, కొట్టినవాడి గురించి. కాసేపటికి గమనిస్తాడు, ఎవరూ వినడం లేదు. వాళ్లలో వాళ్లు వేరే సంగతులు మాట్లాడుకుంటున్నారు. చెల్లెలు అతనివైపు చూసి, మాట్లాడకుండా లేచి వెళ్లిపోతుంది. పక్కన పడుకునే స్నేహితుడికి ఈ కల చెబితే అతనికీ అదే కల వస్తుందని తేలింది. చావు గురించి కాదు, కొట్టడం గురించి కాదు, వినని శ్రోత గురించి పీడకల. మా బృందంలో ఈ పేజీ దగ్గర ఎవరో ఒకరు ఫోను పక్కకు పెడతారు, ప్రతిసారీ.

వినడం వద్దనుకున్నవాళ్లు ఒక రకమైతే, విని జవాబు చెప్పబోయినవాళ్లు ఇంకో రకం. 1961లో పుస్తకం జర్మన్‌లో వచ్చింది. జర్మన్ పాఠకుల కోసం రాసిన ముందుమాటలో, జర్మన్లను నేను అర్థం చేసుకున్నానని చెప్పలేను అన్నారు లెవీ. అర్థంకానిది ముల్లులా లోపల గుచ్చుతూ ఉంటుందన్నట్టు రాశారు. తర్వాత మూడేళ్లలో జర్మనీ నుంచి నలభై దాకా ఉత్తరాలు వచ్చాయి. చాలా ఉత్తరాలు ఆ ఒక్క మాటకే జవాబు చెప్పబోయాయి. ఎక్కువగా యువకులవి, సిగ్గుపడినవి, నిజాయితీగా తడబడినవి. ఒకటి మాత్రం హాంబర్గ్ నుంచి. మా ప్రజలు మంచివాళ్లే, హిట్లర్ మోసం చేశాడు అనే ధోరణిలో నడుస్తుంది. కోపంతో తాను రాసిన ఉత్తరం బహుశా అదొక్కటే అన్నారు లెవీ దానికిచ్చిన జవాబు గురించి. ఇంకొకామె, హెట్టి అనే పేరుతో ఆయన చెప్పే పాఠకురాలు, పదహారేళ్ల పాటు ఉత్తరాలు రాస్తూనే ఉంది. ఆమె రాసినవి యాభై దాకా ఉంటాయి. ఒక పుస్తకానికి పదహారేళ్ల స్పందన. తొందరకు వ్యతిరేకం ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఆమె పేరు చెబుతాను.

కానీ పాఠకుల గురించి నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది ఇంకో జర్మన్. లెవీ రసాయన మూలకాల పేర్లతో రాసిన పుస్తకంలో వెనేడియం అనే కథ ఉంది. యుద్ధం తర్వాత రంగుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ, సరిగ్గా ఆరని వార్నిష్ గురించి ఒక జర్మన్ కంపెనీతో ఉత్తరాలు నడుపుతుంటే, అవతల సంతకం పెట్టేవాడు ఒకప్పుడు ఆష్విట్జ్ పక్కన ఫ్యాక్టరీ ప్రయోగశాలలో తన మీద అధికారిగా ఉన్నవాడేనని ఆయనకు తెలుస్తుంది. కథలో అతని పేరు ముల్లర్. లెవీ అతనికి తన పుస్తకం పంపిస్తారు. అతను చదువుతాడు. చదివి రాస్తాడు: ఈ పుస్తకంలో నాకు శత్రువును ప్రేమించమన్న క్రైస్తవ ధర్మం కనబడింది, మనిషి మీద నమ్మకం కనబడింది.

ఆ పుస్తకంలో అవి లేవు. అతనికి అవసరమైంది కాబట్టి కనబడ్డాయి. మొదటిసారి ఇది చదివినప్పుడు నేను నవ్వాను. తర్వాత నా విద్యార్థుల పేపర్లు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. మొదటి ఏడాది నేను ఇచ్చిన ప్రశ్న "ఈ పుస్తకం నుంచి మీరేం నేర్చుకున్నారు?" అని. నలభై పేపర్లలో దాదాపు అన్నీ ఒకే మాట: ఎన్ని కష్టాలు వచ్చినా ఆశ వదులుకోకూడదు, గట్టి మనసుంటే ఎందులోంచైనా బయటపడవచ్చు. చక్కటి దస్తూరీతో నలభై మంది ముల్లర్లు. తప్పు వాళ్లది కాదు, ప్రశ్న నాది. నీతి అడిగితే నీతే ఇస్తారు. చందమామ చదివి పెరిగిన మనకు కథ చివర నీతి లేకపోతే ఏదో దొంగిలించినట్టు ఉంటుంది.

"గట్టి మనసున్నవాళ్లు బతికారు" అన్న మాటను బతికినవాళ్లే ఒప్పుకోరు. వియన్నా మనోవైద్యుడు విక్టర్ ఫ్రాంకల్ పుస్తకం మన పుస్తకాల షాపుల్లో వ్యక్తిత్వ వికాసం అరలో, ధనవంతులు కావడం ఎలా అనే పుస్తకాల పక్కన ఉంటుంది. ఆ పుస్తకం మొదట్లోనే ఆయన, మాలో ఉత్తములు తిరిగి రాలేదు, అని రాశారు. లెవీ చివరి పుస్తకంలో ఇంకా కఠినంగా అదే మాట ఉంది. ఆయన బతకడానికి ఏవేవో కారణాలు: రసాయన శాస్త్రం తెలిసి ఉండటం, కాస్త జర్మన్ రావడం, ఆరు నెలలపాటు తన సూప్ మిగిల్చి తెచ్చి ఇచ్చిన లొరెంజో అనే ఇటాలియన్ తాపీ పనివాడు, సరిగ్గా చివరి రోజుల్లో స్కార్లెట్ జ్వరం వచ్చి ఆసుపత్రిలో పడటం. నడవగలిగినవాళ్లందరినీ నాజీలు మంచులో తరిమి తీసుకుపోయారు. వాళ్లలో చాలామంది చనిపోయారు. కల పంచుకున్న ఆ స్నేహితుడు ఆల్బెర్టో ఆరోగ్యంగా ఉన్నాడు, నడిచాడు, తిరిగి రాలేదు. జ్వరం వచ్చినవాడు బతికాడు. ఇందులోంచి వ్యక్తిత్వ వికాసం తీయండి చూద్దాం.

తర్వాతి ఏడాది నుంచి ప్రశ్న మార్చాను: "ఈ పుస్తకంలో మీకు అర్థంకాని ఒక చోటు చెప్పండి." పేపర్లు సగానికి సగం చిన్నవయ్యాయి, దిద్దడానికి రెట్టింపు సమయం పట్టేది.

"నేనైతే పారిపోయేవాణ్ని" అన్నది క్లాసులో ప్రతి ఏడాదీ వచ్చేది, ఎక్కువగా వెనక బెంచీ నుంచి. దానికి లెవీ చెప్పిన కథే చెబుతాను. ఆయన ఒక బడికి వెళ్లినప్పుడు ఐదో తరగతి కుర్రాడు లేచి మీరెందుకు పారిపోలేదని అడిగాడు. ఆయన వివరించారు, కుర్రాడికి నచ్చలేదు. బోర్డు మీద శిబిరం పటం గీయమన్నాడు, కావలి గోపురాలు, కంచె, విద్యుత్ కేంద్రం ఎక్కడో చూపించమన్నాడు. కాసేపు పరీక్షగా చూసి పథకం చెప్పాడు: రాత్రి కాపలావాడి గొంతు కోయాలి, అతని బట్టలు వేసుకోవాలి, విద్యుత్ కేంద్రానికి పరిగెత్తి కరెంటు ఆపాలి, కంచె చచ్చిపోతుంది, వెళ్లిపోవచ్చు. ఆ తర్వాత చాలా సీరియస్‌గా, ఇంకోసారి ఇలా జరిగితే నేను చెప్పినట్టు చేయండి అన్నాడు.

మా క్లాసులో అందరూ నవ్వేవారు. నేను అడిగేవాణ్ని: సరే, కంచె దాటాడు. తల గొరిగి ఉంది, చేతి మీద 174517 అని పచ్చబొట్టు ఉంది, పోలిష్ భాష రాదు, శరీరంలో నాలుగడుగులు వేసే సత్తువ లేదు, చుట్టూ తనను పట్టిస్తే లాభపడేవాళ్లున్నారు. ఏ ఇంటి తలుపు కొడతాడు? ఈ ప్రశ్న దగ్గర వెనక బెంచీ కూడా ఆలోచనలో పడేది. కొందరు పారిపోయారు కూడా, తిరగబడ్డారు కూడా. 1944 అక్టోబరు 7న ఆష్విట్జ్‌లోనే భాగమైన బిర్కెనావ్‌లో శవాలు కాల్చే పనికి పెట్టిన ఖైదీలే తిరగబడి ఒక దహనశాలను ధ్వంసం చేశారు, వందల మంది ప్రాణాలు పోయాయి. అయితే "ఎందుకు పారిపోలేదు" అన్న ప్రశ్న ఈ వివరం కోసం అడిగేది కాదు. నాకైతే అది జరగదని మనకు మనం చెప్పుకోవడానికి అడిగేది.

పోలిక గురించి చెప్పాలి, ఇది కాస్త సున్నితం. "మనకూ ఇలాంటివి జరిగాయి కదా" అని మన పాఠకులు తప్పకుండా అంటారు. చాలాసార్లు అది విషయం మార్చడమే. కానీ ఒకసారి కాలేదు, ఆ ఒక్కసారి వల్లే పోలికను నేను పూర్తిగా కొట్టిపారేయలేను.

పుస్తకంలో రసాయన పరీక్ష అనే అధ్యాయం ఉంది. ప్రయోగశాలలో పనికి ఖైదీలను ఎంచడానికి డాక్టర్ పాన్‌విట్జ్ అనే జర్మన్ పరీక్ష పెడతాడు. అతను తలెత్తి చూసిన చూపు, చేపల తొట్టె అద్దానికి అటూ ఇటూ ఉన్న రెండు వేర్వేరు ప్రాణుల మధ్య చూపులా ఉందని లెవీ రాస్తారు. పరీక్ష అయ్యాక, ఖైదీల మీద పెత్తనానికి పెట్టిన అలెక్స్ అనే ఖైదీ వెనక్కి తీసుకొస్తూ ఒక ఇనుప తాడు పట్టుకుంటాడు, చేతికి గ్రీజు అంటుతుంది. ద్వేషం లేకుండా, వెటకారం లేకుండా, మామూలుగా ఆ చేతిని లెవీ భుజానికి తుడుచుకుంటాడు. ముందు అరచేయి, తర్వాత వెనకవైపు.

ఆ పేరా చదివాక ఒక విద్యార్థి లేచాడు. ఏడాదంతా ఒక్క మాట మాట్లాడని అబ్బాయి. కోస్తా జిల్లాల్లోని ఒక దళితవాడ నుంచి వచ్చాడని అప్పుడే తెలిసింది. "సార్, కొట్టడం కన్నా ఇది నాకు బాగా తెలుసు" అన్నాడు. తన తాత కల్లంలో పనిచేస్తుంటే ఆసామి ఏం చేసేవాడో రెండు వాక్యాల్లో చెప్పి కూర్చున్నాడు. అవి ఇక్కడ రాయను, అవి అతనివి. కారంచేడు 1985లో, చుండూరు 1991లో జరిగాయి, ఆ పేర్లు క్లాసులో అందరికీ తెలుసు. కానీ అతను వాటి పేరెత్తలేదు. హత్యకు హత్యను పోల్చలేదు. తుడుచుకున్న చేతిని తుడుచుకున్న చేతితో పోల్చాడు. పోలిక అంత చిన్నదిగా, అంత కచ్చితంగా ఉంటే పుస్తకం మూసుకోదు, ఇంకో తలుపు తెరుచుకుంటుంది. "వాళ్ల బాధ పెద్దదా మా బాధ పెద్దదా" అన్న తూకం మొదలైతే మాత్రం నేను టీ తాగుదాం అంటాను.

మన దగ్గరే ఎదురైన ఇంకో స్పందన చెప్పాలి, ఏ విదేశీ పుస్తకంలోనూ దీని గురించి నేను చదవలేదు. ఆష్విట్జ్ ఖైదీల భాషలో, ఆకలితో కుంగి, ఆశ పోయి, రేపో మాపో చనిపోయేట్టున్న మనిషిని 'ముజెల్‌మన్' అనేవారు. జర్మన్‌లో ఆ మాటకు అర్థం ముస్లిం. మా బృందంలో ఒక ముస్లిం సభ్యురాలు ఆ పేజీ దగ్గర ఆగి, "ఆ చచ్చిపోతున్న యూదులను మా పేరు పెట్టి ఎందుకు పిలిచారు?" అని అడిగారు. లెవీ కూడా ఆ పదం ఎందుకొచ్చిందో తెలియదనే రాశారు. రకరకాల ఊహలున్నాయి, రుజువైనది ఏదీ లేదు. ఆ రోజు మేమంతా ఆమెను సమాధానపరచబోయాం, అలా అర్థం కాదండీ, వాళ్ల ఉద్దేశం అది కాదండీ అని. ఆమె, "నాకు సమాధానం అక్కర్లేదు, ప్రశ్న అడిగాను అంతే" అన్నారు. తొందర గురించి ఇంత ఉపన్యాసం ఇస్తున్న నేనే ఆ రోజు అందరికన్నా ముందు తొందరపడ్డాను.

అన్నట్టు, ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పుస్తకాల సంతకు వెళ్తే హిట్లర్ ఆత్మకథ ప్రతి మూడో కుప్పలోనూ కనబడుతుంది. లెవీ పుస్తకం నాకు అక్కడ ఇన్నేళ్లలో ఒక్కసారే దొరికింది. ఎవరో మొదటి నలభై పేజీల దాకా పెన్సిలుతో గీతలు గీసి ఆపేశారు. ఆ నలభైయో పేజీ దగ్గర ఏమైందో అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

ఇప్పుడు మీరు ఏం చేయాలి? పెద్దగా ఏమీ లేదు. మిత్రులకు మీ ఏడవకపోవడం గురించి సంజాయిషీ ఇవ్వకండి. పుస్తకానికి రేటింగుగా ఐదు చుక్కల్లో ఎన్ని ఇవ్వాలని కూడా అడిగారు. అది మీ ఇష్టం, నేనైతే ఇవ్వను. పుస్తకం గురించి ఏదైనా రాయాలనుకుంటే మీకు విసుగొచ్చిన చోట్లు రాయండి, ఎందుకొచ్చిందో రాయండి. మీకు అర్థంకాని ఒక్క చిన్న వివరం పట్టుకోండి. మా మేనత్తకు ఇంగ్లీషు రాదు. ఒక వేసవిలో సాయంత్రాలు కూర్చోబెట్టి ఈ పుస్తకం తెలుగులో నోటితో చెప్పాను. చిన్నప్పుడు కరువు చూసిన మనిషి. గ్యాస్ గదుల గురించి చెప్పినప్పుడు ఏమీ అనలేదు. పొద్దున ఇచ్చే రొట్టె గురించి చెప్పినప్పుడు, "మిగిలిన ముక్క ఎక్కడ దాచుకునేవాడురా?" అని అడిగింది. పుస్తకంలో దానికి సరిగ్గా జవాబుంది. ఆకలేస్తుండగా జేబులో రొట్టె ఉంచుకోవడం ఎందుకు కుదరదో ఖైదీలు రకరకాల సిద్ధాంతాలు చెప్పుకుంటారు, చివరికి దొంగలకు అందని పెట్టె కడుపొక్కటే అని తేల్చుకుంటారు. అత్త తలూపింది, "అంతేగా మరి" అంది. ఆ పేరాను నేను అప్పటికి పదిసార్లు చదివి ఉంటాను, అది హాస్యం అనుకునేవాణ్ని.

ఇక మన గొడవ. మీరు దాటేసిన అధ్యాయంలో లెవీ, జాన్ అనే ఫ్రెంచి మాట్లాడే కుర్రాడూ కలిసి సూప్ డేగిసా మోసుకురావడానికి వెళ్తారు. దారిలో ఒక గంట సమయం. జాన్‌కు ఇటాలియన్ నేర్చుకోవాలని ఉంది. లెవీకి బళ్లో చదివిన ఇటాలియన్ మహాకవి డాంటే పద్యాలు, ఓడ నడిపే యులిసిస్ కథ, గుర్తొస్తాయి. చెప్పబోతే మధ్యలో పాదాలు జారిపోతాయి. మూడేసి పాదాల పద్యాలు కనీసం నాలుగు గుర్తుకు రావు. ఆ మరిచిపోయిన పాదాలను చివరి వాటితో కలపగలిగితే ఈ రోజు సూప్ ఇచ్చేస్తాను అని రాస్తారు. రొట్టె జేబులో అరగంట నిలవని చోట.

మీకిది విసుగెత్తడం నాకు అర్థమవుతుంది, డాంటే మనకు పరాయి. అందుకే మా బృందంలో ఒక పనిచేశాం. రిటైరైన తెలుగు పండితులు ఒకాయన ఉన్నారు. ఆయన్ని గజేంద్రమోక్షంలోంచి ఒక పద్యం, పక్కనే కూర్చున్న తమిళ సభ్యుడికి వివరించమన్నాం. ఇద్దరికీ కలిసే భాష అరకొర ఇంగ్లీషే. రెండో పాదం దాకా బాగా నడిచింది. మూడో పాదంలో ఒక మాట జారింది. అరవై ఏళ్లుగా నోటికొచ్చిన పద్యం. ఆయన కళ్లు మూసుకున్నారు, వేళ్ల మీద గణాలు లెక్కపెట్టారు, మొదటి నుంచి మళ్లీ అందుకున్నారు, అక్కడే ఆగారు. తమిళ సభ్యుడు కుర్చీ అంచుకు జరిగి కూర్చున్నాడు. టీ వచ్చింది, పండితులుగారు చేత్తో వద్దని సైగ చేశారు.

ఆ అధ్యాయం కొద్ది పేజీలే ఉంటుంది. మీకు నోటికొచ్చిన పద్యమో పాటో ఒకటి ముందు మనసులో అనుకుని, అప్పుడు తెరవండి. జాన్ ఏ అడ్డూ చెప్పకుండా ఎంతసేపు విన్నాడో చూడండి, తిరిగొచ్చి ఇక్కడే రాయండి.